వంతగాళ్ల పేర్లు ఎక్కడ?

మన భాషలో వంత పాడేవాడికి మర్యాద లేదు. ఎవడైనా నాయకుడి వెనక నిలబడి తలూపితే 'వాడు తానా అంటే వీడు తందానా' అంటాం. మంత్రికి భజన చేసే కార్యకర్తను 'వంత పాడుతున్నడు' అని తిడతాం. ఈ పత్రిక కూడా ఆ తిట్టును ఎన్నోసార్లు వాడింది. ఈ వారం ఆ తిట్టును వెనక్కి తీసుకుంటున్నాం. వంత పాడటమంటే ఏమిటో తెలియక వాడిన మాట అది.

తెలిసింది మన దగ్గర కాదు. కోదాడ దాటి, జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోయి మైలవరం వైపు తిరిగితే రెడ్డిగూడెం వస్తుంది. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. మామిడి తోటల ఊళ్లు. ఖమ్మం జిల్లా సరిహద్దు అక్కడికి దూరమేమీ కాదు. ఇటు పిల్లను అటు, అటు పిల్లను ఇటు ఇచ్చుకోవడం తాతల నాటి నుంచీ ఉంది. ఒక చుట్టాల పెండ్లికి పోయినప్పుడు అక్కడ ఒక పెద్దాయన కలిసిండు. ఎనభై దాటిన మనిషి. పడుచుతనంలో బుర్రకథ దళంలో గుమ్మెట వాయిస్తూ వంత పాడేవాడట.

"కథ మీ గురువుగారే కదా తాతా చెప్పేది, మరి మీరేం చేసేవారు?" అని అడిగితే నవ్విండు.

"ఆయన ఊపిరి తీసుకోవాలి కదా అబ్బాయ్. ఆయన ఊపిరి తీసుకునేటప్పుడు కథ ఆగకూడదు. అదీ నా పని" అన్నాడు.

పేరు రాసుకుంటానంటే ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లకి నా పేరెందుకులే అబ్బాయ్, గురువుగారి పేరు రాయి" అన్నాడు. ఆ మాట బస్సెక్కిన తర్వాత కూడా వదల్లేదు. ఒక మనిషి బతుకంతా పాడి, చివరికి తన పేరు తనకే అవసరం లేదనుకునే దాకా వచ్చిండంటే తప్పు ఎవరిది?

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు. చేతిలో తంబుర, బొటనవేలికి అందె. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల దగ్గర గుమ్మెటలు. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకో వంత రాజకీయం చెబుతాడు. కథకుడు చరణం ముగించక ముందే చివరి మాటను వంతలు అందుకుంటారు. 'ముగించక ముందే' అన్నది గమనించాలి. ముగిసిన తర్వాత అందుకుంటే నడుమ ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో జనం చెవి పక్కకు పోతుంది. మైకు లేని రోజుల్లో, కిరసనాయిలు దీపాల వెలుగులో, వేలమంది కూచున్న మైదానంలో రాత్రంతా కథ నడిచిందంటే గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడం వల్లనే నడిచింది.

ఇంకో సంగతి ఉంది. కథకుడిని ప్రశ్న అడిగేది వంతే. "ఆ తర్వాత ఏమైంది గురూ?" అంటాడు. "అట్లా ఎందుకు చేసిండు?" అంటాడు. ఒక్కోసారి "ఇదెక్కడి న్యాయం?" అని నిలదీస్తాడు. జనం మనసులో ఉన్న ప్రశ్న వంత నోటి నుంచి వస్తుంది. రాజు కథ నడుస్తుండగా ఇవాళ్టి కరువును, ఇవాళ్టి పన్నును నడుమ దూర్చేది రాజకీయ వంత. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను చేతబట్టింది అందుకే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరికీ తీసుకుపోయిండు. మద్రాసు ప్రభుత్వం ఒకవైపు, నిజాం ప్రభుత్వం ఇంకోవైపు బుర్రకథను నిషేధించాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకానికీ అదే గతి పట్టింది. ఆ నాటకం చెప్పింది మన తెలంగాణ రైతు గోసనే. అంటే మన సాయుధ పోరాటం పాటై, ఆటై కృష్ణా, గుంటూరు ఊళ్లల్లో తిరిగింది. ఆ మెట్ట ఊళ్ల జనం మన కథ విన్నరు. ఆ దళాల్లో గుమ్మెట వాయించినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. పాలకులతో కొట్లాడినం గానీ పాటతో మనకు కొట్లాట లేదు.

నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. రావలసిందే. ఆయన బతుకు కథ 'పింజారి' పుస్తకమై వచ్చింది. మరి ఆయన పక్కన అటూ ఇటూ నిలబడ్డ గొంతుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఆయన తర్వాత నూర్ల దళాలు తిరిగాయి. ఆ దళాల వంతల పేర్లు ఏ కాగితం మీద ఉన్నాయి?

ఇక మన ఇంటి సంగతి. తెలంగాణ మట్టిలో ఒంటరి పాట తక్కువ. ఒగ్గు కథ వినండి. చుక్క సత్తయ్య గొంతు ఎంత గొప్పదైనా, ఆయన వెనక డోలు, తాళం, వంత లేకపోతే మల్లన్న కథ తెల్లారేదాకా సాగేదా? శారద కథ అంతే. చిందు యక్షగానం అంతే. బతుకమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకామె సగం పాదం అంటుంది, చుట్టూ తిరిగే ఆడబిడ్డలంతా 'ఉయ్యాలో' అంటరు. ఆ ఒక్క మాట తీసేసి బతుకమ్మ పాటను ఊహించుకోండి. పాట చెప్పే ఆమె మారుతది, కథ మారుతది, ఊరు మారుతది. 'ఉయ్యాలో' మారదు. తరాలు దాటి నిలబడ్డది ఆ వంతే. బతుకమ్మలో వంతకూ జనానికీ తేడా లేదు. తొమ్మిది రోజులూ ఊరు ఊరంతా వంతగత్తెలే.

మన ఉద్యమ పాటకు ఊపిరి వచ్చింది ఇక్కడి నుంచే. 1972 నుంచి జననాట్యమండలి ఊళ్లమ్మట తిరిగింది. గద్దర్ గొంగడి, గజ్జె, కర్ర మన కళ్లముందే ఉన్నాయి. 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాలో బండి యాదగిరి పాటను గద్దర్ ఎత్తుకుంటే తెర ముందు కూచున్నవాళ్లకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ పాట మళ్లీ వినండి. ఈసారి గద్దర్‌ను పక్కనబెట్టి వెనక గొంతులనే వినండి. ఆయన విసిరిన మాటను వాళ్లు పట్టుకుని తిరిగి విసురుతున్నారు. ఒక్క మనిషి పాడితే అది ఒక మనిషి కోపం. వెనక పదిమంది అందుకుంటే ఊరి కోపం. కవి రాసిన మాటల్లో ఆ 'ఊరు' లేదు. దాన్ని తెచ్చింది వెనక నిలబడ్డవాళ్లు.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూం ధాం తర్వాత ఈ పని ఊరూరికీ పాకింది. రసమయి బాలకిషన్ పాడినా, విమలక్క పాడినా, సాయిచంద్ పాడినా వేదిక మీద వెనక వరుస ఒకటి ఉండేది. డప్పు ఇద్దరు, డోలక్ ఒకరు, ఆడపిల్లలు ముగ్గురు నలుగురు, అటూ ఇటూ కదులుతూ పాడే పోరగాళ్లు. వాళ్లు చేసే పని మూడు రకాలు.

ఒకటి, పాట నేర్పడం. పాట మొదటిసారి విన్న మనిషికి చరణం గుర్తుండదు. పల్లవి చివరి ముక్కను వంతలు రెండుసార్లు అంటే మూడోసారి అంటుకుంటది. పల్లవి ఎక్కడ మొదలు పెట్టాలో జనం ముఖ్య గాయకుడిని చూసి తెలుసుకోరు, వంతను చూసి తెలుసుకుంటరు. ముఖ్య గాయకుడు ఊపు మీద ఒక గమకం వేస్తడు, మాట సాగదీస్తడు, నడుమ మాటలు చెప్తడు. వంత మాత్రం ప్రతిసారీ ఒకే తీరుగా, ఒకే శ్రుతిలో, ఒకే చోట అందుకోవాలి. దారం లాగ. ఆ దారం పట్టుకునే లక్షల మంది పాటలోకి వచ్చేది.

రెండు, దమ్ము. మూడు గంటల సభలో ముఖ్య గాయకుడికి అరనిమిషం ఊపిరి ఇచ్చేది వంత. ఆయనకు మాట తప్పితే కప్పేది వంత. గొంతు పూడుకుపోతే పల్లవిని ఎత్తుకుని నడిపేది వంత. బయట జనానికి ఆ సంగతే తెలియదు. తెలియకపోవడమే వాళ్ల పనితనం.

మూడు, గొంతు ఎత్తు. ఆడపిల్లల గొంతు పై స్థాయిలో కలిసినప్పుడు పాట ఒక్కసారిగా లేస్తది. పల్లవిలో మొగ గొంతు కింద, ఆడ గొంతు పైన నడిచినప్పుడు సభలో వెనక కూచున్న ముసలవ్వ కూడా లేచి నిలబడుతది. ఇది మాయ కాదు, వినికిడి. కింది స్థాయి గొంతు డప్పు మోతలో కలిసిపోతది, పై గొంతు దాన్ని చీల్చుకుని దూరం పోతది.

ఈ మాటలు పుస్తకం చూసి రాస్తున్నవి కావు. 2009 డిసెంబర్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందర రాత్రీ పగలూ పాడిన గుంపుల్లో ఈ రాత రాస్తున్నవాడూ వెనక వరుసలో ఉన్నడు. డిగ్రీ చదువుతున్న రోజులు. గొంతు గొప్పది కాదు గనుక వెనక నిలబెట్టిండ్రు. లాఠీలు లేచినప్పుడు పాట ఆపొద్దని ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. 2011లో ఒక సీడీ కోసం ఎనిమిది మందిమి ఒక చిన్న గదిలో తెల్లారేదాకా పాడినం. సీడీ వచ్చింది. అట్ట మీద కవి పేరు, గాయకుడి పేరు, సంగీతం పేరు, డబ్బు పెట్టినాయన ఫోటో ఉన్నాయి. మా ఎనిమిది మందికీ కలిపి ఒక మాట ఉంది. 'బృందం'. అప్పుడు మాకూ అది తప్పనిపించలేదు. రాష్ట్రం వస్తే చాలనుకున్నాం. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ల పిల్లలకు ఆ సీడీ చూపించి 'ఇది మీ నాయిన గొంతు' అని చెప్పడానికి మా నోటిమాట తప్ప రుజువు లేదు.

'బృందం' అన్న మాట మనం కనిపెట్టింది కాదు. రేడియో విన్న తరానికి ఆ మాట బాగా తెలుసు. "గానం: ఘంటసాల, బృందం" అనేవారు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' సినిమాలో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాటను ఘంటసాల ఎత్తుకుంటే వెనక గొంతులు దండు కదిలినట్టు కదులుతయి. ఆ గొంతులు లేకుండా ఒక్కడే పాడి ఉంటే అది పిలుపు అయ్యేది గానీ, పిలుపుకు లేచి వచ్చిన జనం కనబడేవాళ్లు కాదు. కవి పేరు తెలుసు, గాయకుడి పేరు తెలుసు. లేచి వచ్చిన జనంగా పాడినవాళ్ల పేర్లు తెలియవు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో 1962లో 'హీ ఈజ్ ఎ రెబెల్' అన్న పాట దేశంలోనే మొదటి స్థానానికి ఎక్కింది. పాడింది డార్లీన్ లవ్ అనే నల్లజాతి యువతి. రికార్డు మీద పడ్డది మాత్రం 'ది క్రిస్టల్స్' అనే వేరే జట్టు పేరు. తర్వాతి రోజుల్లో ఆమె బతుకుదెరువుకు ఇళ్లు శుభ్రం చేసే పని కూడా చేసింది. ఆమెలాంటి వెనక వరుస గాయనుల మీద 2013లో 'ట్వంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్' అనే డాక్యుమెంటరీ తీస్తే దానికి ఆస్కార్ వచ్చింది. ముందు మైకుకూ వెనక మైకుకూ నడుమ ఇరవై అడుగులే. ఆ ఇరవై అడుగులు దాటడానికి ఒక బతుకు సరిపోదని ఆ సినిమా చెప్పింది.

పేరు లేకపోతే ఏం పోయిందని కొందరు అడగవచ్చు. పోయేది హక్కు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు పాడినవాళ్లకు కూడా రాయల్టీలో వాటా ఉండాలని రాసుకున్నారు. మంచిదే. కానీ 'ప్రదర్శకుడు' అంటే ఎవరో చెప్పే చోట ఒక మెలిక పెట్టిండ్రు. సినిమాలో ఎవరి పని నామమాత్రమో, పరిశ్రమ మామూలు ఆనవాయితీలో ఎవరి పేరు టైటిళ్లలోనైనా వేయరో, వాళ్లు ప్రదర్శకులే కారు. తమ గొంతును వక్రీకరించి పరువు తీస్తే అడగగలగడం ఒక్కటే వాళ్లకు మిగిలేది. అర్థమైందా? పేరు వేయని ఆనవాయితీని మొదట తయారు చేసింది పరిశ్రమ. ఆ ఆనవాయితీనే సాక్ష్యంగా చూపించి హక్కు తీసేయడానికి తొవ్వ ఇచ్చింది చట్టం. పేరు అచ్చులో పడటం మర్యాద కోసం మాత్రమే కాదు. అది పట్టా కాగితం లాంటిది. భూమికి పట్టా లేక ఎంత గోసపడ్డమో తెలంగాణ రైతుకు చెప్పాలా?

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులిచ్చారు. ఆ కొలువుల్లో వెనక వరుసవాళ్లు కూడా కొందరున్నారు. కాదనం. కానీ ఊళ్లల్లో ఉద్యమం పొడుగునా పాడినవాళ్లు 550 మందేనా? 2024 డిసెంబర్‌లో తొమ్మిది మంది కవులు, కళాకారులు, ఉద్యమకారులను సత్కరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. గూడ అంజయ్య, గద్దర్, బండి యాదగిరి, అందెశ్రీ, గోరటి వెంకన్న వంటివాళ్లు. ఒక్కరి పేరు మీదా మనకు అభ్యంతరం లేదు. నిజానికి ఆలస్యమైంది. గద్దర్ పేరు మీదనే సినిమా అవార్డులు పెట్టి 2025 జూన్‌లో ఇచ్చారు. ఉత్తమ గాయకుడు ఉన్నడు, ఉత్తమ గాయని ఉన్నది. బృందానికి చోటు లేదు. బతుకంతా గుంపుతో కలిసి పాడిన మనిషి పేరు మీద పెట్టిన అవార్డుల్లో గుంపుకే చోటు లేకపోవడం ఎవరికీ తోచలేదా?

అందెశ్రీ రాసిన గీతాన్ని 2024లో రాష్ట్ర గీతం చేసినప్పుడు సంగీతం ఎవరు చేయాలన్న దాని మీద పెద్ద రచ్చ జరిగింది. కీరవాణి ఆంధ్రవాడని కొందరు, కళకు ఎల్లలేమిటని కొందరు. ఈ పత్రిక చుట్టూ ఉన్నవాళ్లం కూడా గట్టిగానే మాట్లాడినం. ఆ రచ్చలో ఒక్కరమైనా అడిగినమా, అంతకుముందు పదేళ్లకు పైగా ఆ పాటను బడుల్లో, సభల్లో, రాస్తారోకోల్లో ఏ జీతమూ లేకుండా గుంపుగా పాడి బతికించినవాళ్లు ఎవరని? బాణీ మీద కొట్లాడినం, గొంతును మర్చిపోయినం.

ఎదుటి వాదనను కూడా వినాలి. "అందరికీ పేర్లు వేయడం ఎట్లా కుదురుతది? పాటను పుట్టించేది కవి, నిలబెట్టేది ముఖ్య గాయకుడు. వెనక గొంతు మారినా పాట మారదు కదా" అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కవి లేకుండా పాట లేదు. గద్దర్‌కు బదులు ఇంకొకరు లేరు. వంతను, కవిని ఒక్క పీట మీద కూచోబెట్టమని మనం అడగడం లేదు. అడుగుతున్నది పీట వేయమని. సినిమా చివర వంట చేసినవాళ్ల పేర్లు, కార్లు నడిపినవాళ్ల పేర్లు కూడా ఇప్పుడు వేస్తున్నారు. మంచి పనే. పాడినవాళ్ల పేర్లకు చోటు లేదంటే ఎట్లా నమ్మాలి? ఇక వెనక గొంతు మారినా పాట మారదంటారా, అది వంత గొప్పతనమే. ఒకరు జైలుకు పోతే ఇంకొకరు ఆ చోట నిలబడ్డరు గనుకనే పాట ఆగలేదు.

అందుకే అడుగుతున్నాం. సాంస్కృతిక శాఖ జిల్లాలవారీగా ఉద్యమ పాటల దళాల పేర్లు రాయించాలి. కవి, గాయకుడితో పాటు డప్పు ఎవరు, వంత ఎవరు, ఏ ఊరు అన్నది నమోదు చేయాలి. ఆ పని ఇప్పుడే కావాలి. 2002లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు నడివయసు దాటుతున్నారు. జననాట్యమండలి, అరుణోదయ తొలినాళ్లలో పాడినవాళ్లు ముసలివాళ్లయ్యారు. గద్దర్ 2023లో పోయిండు. అదే ఏడు సాయిచంద్ చిన్న వయసులో పోయిండు. అందెశ్రీ 2025లో పోయిండు. వాళ్ల వెనక పాడినవాళ్లెవరో వాళ్లను అడిగి తెలుసుకునే అవకాశం మనకు ఇక లేదు. ఉన్నవాళ్లనైనా అడుగుదాం. వృద్ధ కళాకారుల పింఛన్ల లెక్కలో వంత పాడినందుకు వేరుగా ఒక గడి ఉండాలి. సినిమా అవార్డుల్లో బృంద గానానికి ఒక విభాగం పెట్టాలి. కాపీరైట్ నిర్వచనంలో ఉన్న ఆ మెలికను తీసేయాలని మన ఎంపీలు ఢిల్లీలో అడగాలి.

ప్రభుత్వాన్ని అడిగి మనం ఊరుకుంటే మర్యాద కాదు. వచ్చే వారం నుంచి ఈ పత్రికలో ఒక మూల వదిలిపెడుతున్నాం. మీ ఊరి దళంలో వెనక వరుసలో ఎవరు పాడిండ్రో పేరు, ఊరు, పాడిన ఏండ్లు రాసి పంపండి. వాళ్లు ఒప్పుకుంటేనే పంపండి. ఒక్కో వారం కొన్ని పేర్లు అచ్చు వేస్తం. ఆ కాగితాలన్నీ కలిపి ఉంచుతం. ఈ యాది ఒక గ్రంథాలయం చేరేదాకా ఆ బాధ్యత మాది.

చివరిగా, తిట్టు వెనక్కి తీసుకున్న సంగతి మరోసారి. పాలకుడు ఏమంటే దానికి తలూపేవాడు వంత కాదు. వంత ప్రశ్న అడుగుతడు. "ఇదెక్కడి న్యాయం?" అని కథ నడుమ నిలదీస్తడు. రాష్ట్రం తెచ్చుకున్న తర్వాత మన వేదికల మీద కథకులు పెరిగిండ్రు, అడిగేవాళ్లు తగ్గిండ్రు. ఎవరు గద్దె మీదున్నా వాళ్లకు భజన చేసే పాట వస్తున్నది గానీ, ఆగి 'ఆ తర్వాత ఏమైంది?' అని అడిగే గొంతు వినబడటం లేదు. ఆ అడిగే గొంతును మళ్లీ వేదిక మీదికి పిలవాలంటే, మొదట ఇన్నేళ్లు అడిగినవాళ్లెవరో మనకు తెలియాలి.

రెడ్డిగూడెం పెద్దాయనకు ఈ సంచిక పంపుతున్నాం. ఆయన మాట మన్నించి పేరు రాయలేదు. చదివిన తర్వాత మనసు మార్చుకుంటే, మొదటి పేరు ఆయనదే వేస్తం.

జై తెలంగాణ!